తొమ్మిది కన్నా వంద చిన్నది

ఒక పెద్ద అడవిలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. నవ్వకండి. ఊళ్ళో మనుషులు పెట్టుకుంటే లేని తప్పు అడవిలో జంతువులు పెట్టుకుంటే వచ్చిందా? పైగా అవి కావాలని పెట్టుకున్నదీ కాదు. ఎవరో పట్నంవాళ్ళు వనభోజనాలకి వచ్చి, మిగిలిన పులిహోర గుర్తుపెట్టుకుని మూటగట్టుకుపోయి, లాప్‌టాప్ మాత్రం మర్చిపోయారు. దాంతోపాటు ఎండ తగిలితే చార్జింగు అయ్యే పలక ఒకటి. దొరికిన వస్తువుని ఊరికే వదిలేస్తే పాడైపోతుందని జంతువులు ఆఫీసు తెరిచాయి. ఆఫీసు తెరిచాక పని కూడా ఒకటి ఉండాలి కదా అని కొన్నాళ్ళకి ఎవరికో తట్టింది.

పని దొరికింది. ఆ అడవి మధ్యలోంచి ఒక ఏరు పారుతుంది. ఏటి పల్లపు గట్టున కుందేళ్ళ బొరియలు ఉన్నాయి. వానాకాలంలో ఏరు పొంగితే ముందు మునిగేవి అవే. అందుకని ఏటిలో మూరల గుర్తులు వేసిన కర్ర ఒకటి పాతారు. నీళ్ళు ఎన్ని మూరలున్నాయో ఆ కర్ర లాప్‌టాప్‌కి చెబుతుంది. తొమ్మిది మూరలు దాటితే లాప్‌టాప్ గంట కొట్టాలి. గంట మోగితే కుందేళ్ళు పిల్లల్ని తీసుకుని దిబ్బ ఎక్కాలి. కర్ర లాప్‌టాప్‌కి ఎలా చెబుతుందని నన్ను అడక్కండి. నేను కథలు చెప్పేవాణ్ణి, కర్రలు పాతేవాణ్ణి కాదు.

ఈ గంట కొట్టే ప్రోగ్రాం రాసింది పొలుసమ్మ అనే అలుగు. ఒంటినిండా పొలుసులు, పొడుగాటి మూతి, మెతక స్వభావం. ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు, బంతిలా చుట్టుకుపోతుంది. ఆఫీసు మొత్తానికి పని చేసేది ఆమె ఒక్కతే కాబట్టి రోజుకి నాలుగైదుసార్లయినా చుట్టుకుపోయేది.

ప్రోగ్రాం రాసింది జావాస్క్రిప్ట్ అనే భాషలో. ఆ భాష మా మేనమామ లాంటిది. ఏమడిగినా కాదనదు, తెలియకపోయినా తెలియదనదు. అన్నిటికీ సరేనంటుంది. తరవాత వెళ్ళి చూస్తే పని ఇంకేదోలా అయిపోయి ఉంటుంది.

రోహిణి కార్తె ఎండలు మండుతుండగా చెవులమ్మ అనే కుందేలు ఆఫీసుకి వచ్చింది. ఆమెకి పదకొండు మంది పిల్లలు. కిందటేడు వరదలో బొరియలోకి నీళ్ళొస్తే ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని పదకొండుసార్లు దిబ్బ ఎక్కి దిగింది. ఆ భయం ఇంకా పోలేదు.

"అక్కా, ఈ ఏడు గంట మోగుతుంది కదూ?" అని అడిగింది.

"మోగాలి చెల్లీ."

"మోగాలంటావేంటి? మోగుతుందా, మోగదా?"

పొలుసమ్మకి అబద్ధం చెప్పడం రాదు. అదే ఆమెకి ఉన్న పెద్ద లోపం. "పరీక్షించి చూడలేదు. ఒక పూట టైమిస్తే చూసి చెబుతాను," అంది.

ఆ ఒక పూట అడగడానికే ఆమె అడవి సమితి అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది. అధ్యక్షుడు దుందుభయ్య అనే అడవిదున్న. మంచివాడే. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, కమిటీ వేస్తే గానీ ఆయనకి నిద్ర పట్టదు. కమిటీ వేశాక అందులోనే నిద్రపోతాడు.

"దొరా, గంట ప్రోగ్రాంని పరీక్షించుకుంటాను. ఒక పూట పని."

"పరీక్షంటే?"

"ప్రోగ్రాంలో ఒక్కో ముక్కనీ విడిగా పట్టుకుని, మనకి జవాబు తెలిసిన ప్రశ్న అడగటం. ఎనిమిది మూరలని చెబితే గంట మోగకూడదు. పది మూరలంటే మోగాలి. సరిగ్గా చేస్తే పచ్చరంగు కనిపిస్తుంది, తప్పు చేస్తే ఎర్రరంగు. యూనిట్ టెస్టింగ్ అంటారు."

"దేంతో చేస్తావు?"

"దానికి పరికరాలుంటాయి దొరా. ఏదైనా ఒకటే."

దుందుభయ్య నెమరువెయ్యడం ఆపేశాడు. "ఏదైనా ఒకటేనా? ఏదైనా ఒకటే అనుకుంటే ఈ అడవికి అధ్యక్షుడెందుకమ్మా, కమిటీలెందుకు? రేపు ఈ పరికరమే ఎందుకు తీసుకున్నారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

"గంట మోగితే ఎవరూ అడగరు దొరా."

"మోగకపోతే అడుగుతారు కదా! అప్పుడు చూపించడానికి పోలిక పట్టిక ఉండాలి," అన్నాడు దుందుభయ్య. గొంతు కాస్త పెరిగింది. పొలుసమ్మ చుట్టుకుపోయింది. చుట్టుకుపోయిన వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి, జావాస్క్రిప్ట్ టెస్టింగ్ పరికరాల పోలిక కమిటీ ఏకగ్రీవంగా ఏర్పాటైంది.

కమిటీ మొదటి సమావేశంలో ఒక నియమం పెట్టుకున్నారు. ఎంపికైన పరికరం పరీక్షించి తప్పుందని చెబితే తప్ప ప్రోగ్రాంలో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చకూడదు. వినడానికి ఎంత బాగుందో చూడండి. చెడ్డ నియమాలన్నీ వినడానికి ఇంత బాగానే ఉంటాయి.

తరవాత పరికరాలని ఏయే అంశాల్లో పోల్చాలో రాసుకున్నారు. ముప్పై నాలుగు వచ్చాయి. వేగం ఎంత, చూడటానికి ఎలా ఉంటుంది, పేరు పలకడానికి బాగుందా, పక్క అడవిలో వాడుతున్నారా. గంట మోగుతుందో మోగదో చెబుతుందా అన్నది కూడా ఉంది. కాకపోతే అది ముప్పై నాలుగోది. ముప్పై రెండు దాకా వచ్చేసరికి భోజనాల వేళైంది.

"ఇంతకీ పక్క అడవిలో ఏం వాడుతున్నారు?" అని దుందుభయ్య అడిగాడు.

"నిరుడు తాబేలు పరికరం వాడారండి. ఇప్పుడు మారుస్తున్నారు," అని ఎవరో చెప్పారు.

"దేనికి మారుస్తున్నారు?"

"అది తేల్చడానికి కమిటీ వేశారండి."

"చూశారా, ఎంత ముందున్నారో!" అన్నాడు దుందుభయ్య అసూయగా.

మృగశిర కార్తెలో పరికరాల ప్రదర్శన పెట్టారు. ముగ్గురు వచ్చారు.

మొదట కూర్మయ్య అనే మెట్టతాబేలు. ఆయన పరికరం పేరు నిదానం. "నాకు అసలు కర్ర కావాలి, అసలు గంట కావాలి. మీరు ఒక్కో ప్రశ్నా రాసివ్వండి. నేను అడిగి జవాబు తెస్తాను," అన్నాడు.

కమిటీ ముఖాలు ముడుచుకుపోయాయి. "ప్రశ్నలు మేం రాయాలా? మరి నీ పరికరం కొనుక్కుని లాభమేంటి?"

"ఏం తెలుసుకోవాలో మీకే తెలియాలి కదండీ," అన్నాడు కూర్మయ్య.

"ఇదేం గొడవ? పరికరం తెచ్చుకున్నాక కూడా మనమే ఆలోచించాలా?" అని దుందుభయ్య విసుక్కున్నాడు. అయినా అడిగినవాటన్నిటికీ కూర్మయ్య సూటిగా జవాబులు చెప్పాడు కాబట్టి, కమిటీ ఎంత పిసినారితనం చేసినా మార్కులు ఎనభై ఏడుకి తగ్గలేదు.

రెండోవాడు జంబుకేశం అనే నక్క. మెళ్ళో ఎర్ర కండువా, చేతిలో కర్ర, నోట్లో తేనె. ఆయన పరికరం పేరు సర్వస్వం.

"అధ్యక్షా, టెస్టింగుకి అసలు ఏరు ఎందుకు? ఏరు తడిగా ఉంటుంది, ఎప్పుడు పొంగుతుందో తెలీదు, మన మాట వినదు. మా పరికరంలో డమ్మీ ఏరు ఉంటుంది," అని ఒక కప్పని ముందుకి తోశాడు. దాని పేరు బెక్కం. రోజుకి ఇన్ని దోమలని మాట్లాడుకుని తెచ్చాడు.

బెక్కం పొట్ట ఉబ్బించి, "నేను ఏరుని. ఇప్పుడు పది మూరలున్నాను," అంది.

"మరి గంటో?" అని పొలుసమ్మ వెనకనుంచి అడిగింది.

"గంట కూడా డమ్మీయే," అన్నాడు జంబుకేశం. బెక్కం వెంటనే పక్కకి జరిగి నిలబడి, "టంగ్! టంగ్!" అంది.

"పాస్!" అన్నాడు జంబుకేశం. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏరూ కప్పే, గంటా కప్పే అయితే మన ప్రోగ్రాం ఎక్కడుంది?" అంది పొలుసమ్మ. అందరూ ఆమెకేసి తిరిగి చూశారు. ఆమె చుట్టుకుపోయింది.

మూడోవాడు రంగయ్య అనే ఊసరవెల్లి. ఆయన పరికరం పేరు పచ్చపచ్చ. ఆయన ఏమీ మాట్లాడకుండా లాప్‌టాప్ మీద ఒక టేకాకు పరిచి, దాని మీద కూర్చుని పచ్చగా మారాడు.

"పచ్చరంగు వచ్చింది, పాసైంది," అన్నాడు.

"ఫెయిలైతే ఏం చేస్తావు?" అని దుందుభయ్య అడిగాడు.

"నా సర్వీసులో ఇంతవరకు ఏదీ ఫెయిలవలేదండి."

ఇది మరీ దారుణమని దుందుభయ్యకే అనిపించింది. రంగు బాగుందని జాలిపడి తొమ్మిది మార్కులు వేశాడు. నూటికి.

ఆ సాయంత్రం జంబుకేశం దుందుభయ్య ఇంటికి వెళ్ళాడు. ఒట్టి చేతులతో వెళ్ళలేదు, నాలుగు మోపుల లేత చెరకు మోయించుకుని వెళ్ళాడు. మర్నాడు చూస్తే సర్వస్వానికి నూటికి నూరు పడ్డాయి. దానికి తోడు, ఎంపికైన పరికరం పేరున ఏటి ఇసుకతిన్నె మీద పెద్ద సభ పెట్టాలని, దుందుభయ్యకి ఆ సభలో గజమాల వెయ్యాలని కూడా మాట్లాడుకున్నారు.

"కానీ దొరగారూ, మీరు నోటితో ఫలితం ప్రకటిస్తే జనం ఏమైనా అనుకుంటారు," అన్నాడు జంబుకేశం. "మార్కులన్నీ లాప్‌టాప్‌కిచ్చి, ఎక్కువ వచ్చినవాళ్ళని పైన చూపించమందాం. యంత్రం చెప్పిందంటే ఇక ఎవడూ నోరెత్తడు."

ఈ సలహా ఇచ్చింది జంబుకేశమే. ఇది మాత్రం గుర్తుంచుకోండి, ఎందుకంటే తరవాత ఆయన దీన్ని మర్చిపోవడానికి చాలా కష్టపడ్డాడు.

దుందుభయ్య పొలుసమ్మని పిలిచి, భోజనాల వేళకల్లా మార్కుల ప్రోగ్రాం కావాలన్నాడు. గంటని పరీక్షించడానికి ఒక పూట ఇవ్వని మనిషి, అదే, ఒక పూట ఇవ్వని దున్న. కొత్తగా రాసే టైము లేక, పొలుసమ్మ గంట ప్రోగ్రాంలోంచి ఒక ముక్క తీసి ఇందులో పెట్టింది. రెండు అంకెలిస్తే ఏది పెద్దదో చెప్పే ముక్క అది. అక్కడ నీళ్ళ మూరల్ని తొమ్మిదితో పోల్చేది, ఇక్కడ మార్కుల్ని మార్కులతో పోలుస్తుంది. పనంతా ఒకటేననుకుంది పాపం.

ఆరుద్ర కార్తె వచ్చింది. పడమట కొండల మీద మబ్బులు కమ్ముకున్నాయి. ఫలితాల రోజున అడవి అడవంతా ఆఫీసు ముందు చేరింది. చెవులమ్మ కూడా వచ్చి వెనక నిలబడింది. జంబుకేశం కండువా సర్దుకుని, ధన్యవాదాల ప్రసంగం నెమరువేసుకుంటున్నాడు. దుందుభయ్య అందరికీ వినపడాలని గట్టిగా అన్నాడు. "యంత్రం ఏం చెబితే అదే ఖాయం. నేను కూడా దానికి కట్టుబడి ఉంటాను."

గొంతు బాగుందని ఫలితం చదివే పని బెక్కానికి ఇచ్చారు. బెక్కం తెర మీదకి వంగి చదివింది.

"మొదటి స్థానం, పచ్చపచ్చ, తొమ్మిది మార్కులు. రెండో స్థానం, నిదానం, ఎనభై ఏడు. మూడో స్థానం, అంటే ఆఖరు, సర్వస్వం, వంద."

 రంగయ్య ఆశ్చర్యంలో ఒక్క క్షణం పసుపురంగులోకి వెళ్ళి, గబగబా ఆకు మీదకెక్కి పచ్చబడ్డాడు.

"తొమ్మిది కన్నా వంద చిన్నదా?" అని జంబుకేశం కేకపెట్టాడు.

జనంలో చర్చ మొదలైంది. మార్కులు తక్కువ వస్తేనే గొప్పేమో అన్నారు కొందరు, ర్యాంకుల్లాగా. తొమ్మిది మంచి అంకె, నవగ్రహాలు కూడా తొమ్మిదే అని ఒక ముసలి కొండముచ్చు గుర్తుచేసింది. వంద మరీ ఎక్కువైపోయి గుండ్రంగా తిరిగి మొదటికి వచ్చుంటుందని ఇంకెవరో అన్నారు. నిజం తప్ప అన్నీ అన్నారు.

పొలుసమ్మ చుట్టుకుపోయి ఉంది. కానీ ఆ చుట్టలోనే ఆలోచిస్తోంది. ఉన్నట్టుండి విప్పుకుని లేచి నిలబడింది. అందరూ చూస్తుండగా ఆమె అలా నిలబడటం అదే మొదటిసారి.

"తప్పు నాది," అంది. "జావాస్క్రిప్ట్‌కి అంకెని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి ఇస్తే అది దాన్ని అంకె అనుకోదు, మాట అనుకుంటుంది. మాటల్ని మనం నిఘంటువులో ఎలా పేరుస్తాం? మొదటి అక్షరం చూసి. అదీ అంతే. 100లో మొదట ఉన్నది 1. 9 కన్నా 1 చిన్నది. కాబట్టి 9 కన్నా 100 చిన్నదని తేల్చేసింది. మొత్తం ఎంతో చూడదు, మొదటి గుర్తు చూస్తుంది."

"అయితే దిద్దు!" అన్నాడు జంబుకేశం ఆనందంగా.

"దిద్దాల్సింది మార్కుల్ని కాదండీ," అంది పొలుసమ్మ.  "గంటలో ఉన్నది కూడా ఈ ముక్కే. నీళ్ళు పది మూరలకి వస్తే, 9 కన్నా 10 చిన్నదనుకుంటుంది. గంట మోగదు. పదకొండుకీ మోగదు, ఇరవైకీ మోగదు."

"మరి దేనికి మోగుతుంది అక్కా?" అని వెనకనుంచి చెవులమ్మ అడిగింది.

పొలుసమ్మ లెక్కవేసి చెప్పింది. "తొంభై మూరలకి. మళ్ళీ మొదట 9 వచ్చేది అప్పుడే."

"తొంభై మూరలు వస్తే?"

"కొండ మునుగుతుంది చెల్లీ."

చెవులమ్మ చెవులు రెండూ వాలిపోయాయి. "ఎంతసేపు పడుతుంది దిద్దడానికి?"

"ఒక్క వరుస మార్చాలి. రెండు నిమిషాలు."

అప్పుడు రంగయ్య గొంతు సవరించుకున్నాడు. గెలిచినవాడి గొంతు అది. "నియమం ఉంది కదండీ. ఎంపికైన పరికరం పరీక్షించి తప్పుందని చెబితే తప్ప ఒక్క అక్షరం మార్చకూడదు. ఎంపికైంది నేను. పరీక్షిస్తాను, తప్పుకోండి."

ఆకు పరుచుకుని కూర్చున్నాడు. పచ్చబడ్డాడు.

"తప్పేమీ లేదు. తప్పు లేనిదాన్ని దిద్దడం నేరం," అన్నాడు.

దుందుభయ్యకి ప్రాణం లేచొచ్చింది. యంత్రమే ఖాయమని అందరి ముందూ అనేశాడు. ఇప్పుడు యంత్రం తప్పంటే తన మాట పోతుంది. "అంతే, అంతే. పచ్చగా ఉంది, నేను కూడా చూశాను," అన్నాడు.

జంబుకేశానికి ఒళ్ళు మండిపోయింది. "ఆ వంద మార్కులకి నాలుగు మోపుల చెరకు ఇచ్చానయ్యా నీకు!" అని అరిచేశాడు. అరిచాక గానీ తను ఏమన్నాడో తనకి తెలియలేదు.

దుందుభయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "చెరకా? ఏ చెరకు?" అన్నాడు. మూతికి పిప్పి అంటుకునే ఉంది. జనం ఒక్క నిమిషం ఆయన మూతికేసి చూసి, తరవాత నక్క కేసి చూసి, మనకెందుకొచ్చిన గొడవని ఇళ్ళకి వెళ్ళిపోయారు. జనం ఇలా వెళ్ళిపోతారనే ధైర్యంతోనే లోకంలో సగం కమిటీలు నడుస్తున్నాయి.

పొలుసమ్మ రెండు నిమిషాలు అడిగింది. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగితే దుందుభయ్య లాప్‌టాప్ మీద తన గిట్ట పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఏడుస్తూ చెవులమ్మ వెంట పల్లపు గట్టుకి నడిచింది.

"గంట మోగదు చెల్లీ. నన్ను క్షమించు."

చెవులమ్మ కాసేపు ముక్కు ఆడించింది. "పోనీలే అక్కా. గంట లేకపోతే కాళ్ళున్నాయి. నేను గుమ్మంలో కాలు పెట్టుకుని కూర్చుంటాను. తడిస్తే కేకేస్తాను. పిల్లలు దిబ్బ ఎక్కాలి. అంతే కదా?"

"ఎక్కుతారా?"

"ఎక్కాలి," అంది చెవులమ్మ. అని, తనన్న మాట తనకే నచ్చక ఆగిపోయింది. "చూద్దాం పట్టు."

ఆకు దొన్నెలో నీళ్ళు తెచ్చి పొలుసమ్మ ఆమె కాలి మీద పోసింది. చెవులమ్మ కేకేసింది. పదకొండు మంది పిల్లలు ఒక్కసారిగా బయటికి దూకి, గుద్దుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, ముగ్గురు మళ్ళీ బొరియలోకే దూరారు.

"ఇలా కాదు," అంది పొలుసమ్మ. "అందర్నీ కలిపి చూస్తే తప్పెక్కడుందో తెలీదు. ఒక్కొక్కర్నీ విడిగా పిలు."

ఒక్కొక్కర్నీ పిలిచారు. పెద్దవాడు కేక వినగానే దిబ్బ ఎక్కాడు. రెండోది ఎక్కింది. అలా ఆరుగురు బాగానే ఉన్నారు. ఏడోది, దాని పేరు బుడ్డి, ఎన్నిసార్లు కేకేసినా నేరుగా ఏటివైపే పరిగెత్తింది.

"ఏమే, అటెందుకు?"

"అమ్మ కేకేస్తే అన్నం పెడుతుందని. గరిక అటే కదా ఉంటుంది," అంది బుడ్డి.

 ఆ కేక అన్నానికి వేసే కేకే, వరదకి వేరే కేక చెవులమ్మ ఎప్పుడూ నేర్పలేదు. అక్కడికక్కడ నేల మీద వెనకకాలితో మూడుసార్లు కొట్టడం నేర్పింది. మళ్ళీ పదకొండు మందినీ ఒక్కొక్కర్నే పిలిచారు. బుడ్డి దిబ్బ ఎక్కింది. చివరికి అందర్నీ కలిపి చూశారు. పదకొండు. మళ్ళీ చూశారు. పదకొండు.

"నేను అడిగింది ఈ ఒక్క పూటే," అంది పొలుసమ్మ. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు పొద్దున్న ఇసుకతిన్నె మీద పచ్చపచ్చ పరికరం ప్రారంభ సభ. వేదిక కట్టారు, లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టారు, పక్కనే గంట. రంగయ్య తమలపాకుల దండ మీద పచ్చగా కూర్చున్నాడు. జంబుకేశం కూడా వచ్చాడు. ఇచ్చిన చెరకుకి బదులుగా వచ్చే ఏడు కాంట్రాక్టైనా దొరకదా అని ఆశ. కూర్మయ్య మాత్రం రాలేదు. ఆయన మబ్బు చూసి ముందురోజు మధ్యాహ్నమే దిబ్బకి బయల్దేరాడు, అప్పుడే చేరుకున్నాడు.

పైన కొండల్లో కుండపోత. ఏరు మెల్లగా ఉబ్బడం మొదలుపెట్టింది.

దుందుభయ్య ప్రసంగం అందుకున్నాడు. "పోలిక లేనిదే ప్రగతి లేదు..."

ఎనిమిది మూరలు. తొమ్మిది. నీళ్ళు వేదిక ఎక్కాయి. పల్లపు గట్టున గుమ్మంలో చెవులమ్మ కాలు తడిసింది. వెనకకాలితో నేల మీద మూడుసార్లు కొట్టింది.

పది మూరలు. గంట మోగలేదు.

"దొరగారూ, నీళ్ళు!" అన్నాడు జంబుకేశం.

"ఎక్కడ?" అన్నాడు దుందుభయ్య. దున్నపోతు మీద వాన కురిసినట్టు అనే మాట ఊరికే పుట్టలేదు. నీళ్ళు ఆయన పొట్ట దాకా ఉన్నాయి. "గంట మోగిందా?"

"లేదు."

"రంగు?"

"పచ్చగానే ఉంది."

"మరింకేం? ఇది వరద కాదు. కూర్చో."

పదకొండు మూరలు. పన్నెండు. కూర్చోవడానికి కుర్చీలు లేవు, అవి ముందే బయల్దేరాయి. లాప్‌టాప్ బల్లతో సహా వెళ్ళిపోయింది. రంగయ్య నీళ్ళలో పడి బురదరంగులోకి మారి, దొరికిన కొమ్మ పట్టుకున్నాడు. జంబుకేశం దుందుభయ్య మెడకి కరుచుకుపోయాడు. ప్రవాహం ఇద్దర్నీ మలుపు దాకా ఈడ్చుకెళ్ళి తుమ్మపొదల్లో పడేసింది. ముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో చెప్పడం మర్యాద కాదు. ఆ రోజు సంతోషంగా ఉన్నది బెక్కం ఒక్కతే. "నేను చెప్పాను కదా, పది మూరలని!" అంటూ ఈదుకుంటూ పోయింది.

దిబ్బ మీద చెవులమ్మ లెక్కపెట్టుకుంది. పదకొండు మంది. బుడ్డిని ఒళ్ళోకి తీసుకుని కాసేపు వదల్లేదు. పొలుసమ్మ పక్కనే కూర్చుంది. ఎవరూ గట్టిగా మాట్లాడకపోయినా ఆమెకి ఎందుకో చుట్టుకుపోవాలనిపించి, చుట్టుకుని, హాయిగా నిద్రపోయింది.

వారం తరవాత, ముళ్ళన్నీ తీయించుకున్నాక, దుందుభయ్య విచారణ సంఘం వేశాడు. ఎవరిది తప్పో తేలాలి కదా. సంఘం తొమ్మిది రోజులు కూర్చుని, ముగ్గుర్నే పోల్చడం వల్ల నష్టం జరిగిందని, ఈసారి ముప్పై పరికరాలు పోల్చాలని తేల్చింది. తరవాత చెవులమ్మకి నోటీసు పంపింది. గంట మోగకుండానే బొరియ ఖాళీ చేసి, కుటుంబ సమేతంగా అనుమతి లేకుండా బతికి ఉన్నందుకు సంజాయిషీ చెప్పుకోవాలని అందులో ఉంది.

చెవులమ్మ పిల్లల్ని పొలుసమ్మకి అప్పగించి వచ్చి నిలబడింది.

"గంట మోగిందా?" అని దుందుభయ్య అడిగాడు.

"లేదు దొరా."

"మరి ఎలా కదిలావు?"

"కాలు తడిసింది దొరా."

"కాలు మనం పోల్చిన పరికరాల్లో ఉందా?"

"లేదు దొరా."

దుందుభయ్య సంఘం కేసి చూశాడు. సంఘం తల ఊపింది. తీర్పు అక్కడికక్కడే రాశారు. చెవులమ్మ కుటుంబం తప్పించుకోవడం చెల్లదు. అందరూ తిరిగి పల్లపు గట్టుకి దిగి, కొత్త గంట తయారయ్యేదాకా అక్కడే ఉండి, అది మోగాక మళ్ళీ ఒకసారి సక్రమంగా తప్పించుకోవాలి.

నీతి: మునిగితే మునిగాం గానీ, పద్ధతి ప్రకారం మునగాలి.